లక్షెట్టిపేట పడవ దగ్గరికి ఏడాది ఆలస్యంగా

లక్షెట్టిపేట వైపు పోయి ఏం చూసొచ్చావని మా చర్చిలో నలుగురూ అడిగారు. గోదావరి చూశాను, జన్నారం అడవి చూశాను, కడెం చూశాను అని చెప్పాను. ఎందుకు వెళ్ళానో మాత్రం చెప్పలేదు. అటు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం ఆ నాలుగు రోజుల సంగతీ, చర్చిలో చెప్పని సంగతీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కరీంనగర్‌లో ఒక ఫోను

నేను ఇరవై ఏడేళ్ళు కరీంనగర్ డ్యాం నీళ్ళ మీద మోటారు పడవలు నడిపాను. ఇంజన్లు చెడిపోతే విప్పి బాగుచేసేదీ నేనే. రాజలింగు నాతో పాటే అక్కడ పనిచేసేవాడు. తాడు పట్టడం, జనాన్ని ఎక్కించి దించడం అతని పని. ఊరు లక్షెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు. మధ్యాహ్నాలు ఇద్దరం ఒకే టిఫిన్ డబ్బా పంచుకునేవాళ్ళం.

పద్దెనిమిదేళ్ళ కింద, మస్కట్‌లో పడవ నడిపే పని ఉందని ఒక ఏజెంటు వచ్చాడు. ఇద్దరం పోదామనుకున్నాం. నా పాస్‌పోర్టు రావడం ఆలస్యమైంది. "నీది వచ్చేదాక ఆగుత" అన్న రాజలింగు ఆగలేదు. అతను వెళ్ళిపోయిన మూడో రోజున ఆ సంగతి నాకు చాయ్ కొట్టు మనిషి చెప్పాడు. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు.

రెండేళ్ళ కింద అతను మస్కట్ నుంచి తిరిగొచ్చాడు. పాత ఫైబర్ పడవ ఒకటి, వెనక తగిలించే నలభై హార్స్‌పవర్ ఇంజను ఒకటి కొని, గోదావరిలో జనాన్ని తిప్పుతున్నాడని విన్నాను. ఏడాది కింద ఒకరోజు ఫోన్ చేశాడు.

"ప్రకాశం, జర జోరు చేస్తే చాలు, పడవ ముక్కు పైకి లేస్తుందిరా. కప్ప లెక్క ఎగిరెగిరి పడుతుంది. ముందట ఏమున్నదో కనవడుతలేదు. ఏం జెయ్యాలె?"

విన్న వెంటనే నాకు తెలిసిపోయింది. ఇలాంటి ఇంజన్లను పడవ వెనక పలకకు తగిలిస్తారు. తగిలించే బిగింపులో వరసగా రంధ్రాలుంటాయి, ఒకదానిలో ఇనుప పిన్ను ఉంటుంది. పిన్ను బయటి రంధ్రంలో ఉంటే నీళ్ళలో ఉన్న ఇంజను కాలు పడవకు దూరంగా వెళ్ళి ముక్కును లేపుతుంది. లోపలి రంధ్రంలో పెడితే కాలు పలకకు దగ్గరై ముక్కు దిగుతుంది. "పిన్ను ఒక రంధ్రం లోపలికి మార్చు, పెట్రోలు ట్యాంకు ముందుకు జరుపు" అని చెబితే అయిపోయేది.

నేను చెప్పలేదు. "చూడందే ఏం చెప్పాలె? వీలైతే వస్త" అన్నాను. అతను ఇంకోసారి అడగాలని నా కోరిక. అడిగేటప్పుడు మస్కట్ మాట కూడా ఎత్తి, తప్పయిందని అనాలని కోరిక. అతను మళ్ళీ చేయలేదు. నేనూ వెళ్ళలేదు.

ఈ ఏడాది వానలు తగ్గాక ఫోను వచ్చింది. ఈసారి మాట్లాడింది అతని భార్య సత్తవ్వ. "అన్నా, పడవ అమ్ముకుంటున్నం. కొనేటాయన సక్కగ ఉరికితేనే తీస్కుంటా అన్నడు. గీయన నిన్ను అడగడు. నేను అడుగుతున్న. జర రాయే."

నా భార్య సుగుణ పక్కనే ఉండి వింది. లోపలికి వెళ్ళి నా సంచి తెచ్చి ముందు పెట్టింది.

మంచిర్యాల

పెద్దపల్లి దాకా బస్సు. ఆడవాళ్ళకు టికెట్ లేదు గదా, డబ్బు పెట్టి కొన్నవాళ్ళం పదిమందిమి కూడా ఉండం. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా టికెట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "గింతనా బిడ్డా?" అని జాలిపడి ఒక జామపండు ఇచ్చింది. పెద్దపల్లిలో రైలెక్కితే గోదావరి వంతెన దాటగానే మంచిర్యాల. వంతెన మీద బండిలో సగంమంది లేచి నీళ్ళలోకి రూపాయి బిళ్ళలు వేశారు. మా కరీంనగర్ మానేరుకు ఎవరూ వేయరు.

మంచిర్యాలలో చాయ్ పది రూపాయలు, గ్లాసు మాత్రం మా ఊరి దానిలో సగం. బొగ్గు లారీల ఊరు కాబట్టి లేత్ మిషన్లకు కొదవ లేదు. పాత ఇంజనుకు పాత పిన్ను తుప్పుపట్టి ఉంటుందని ఊహించి, కొత్తది చేయించుకుందామని ఒక షాపులోకి వెళ్ళాను. కొలతలు కాగితం మీద గీసి ఇచ్చాను. ఆ షాపు ఖాజా భాయ్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు.

"లారీదా? డోజర్‌దా?"

"పడవది."

"ముప్పయ్యేండ్ల సంది మిషన్ నడుపుతున్న. పడవ సామాన్ అడిగినోడివి నువ్వే ఫస్టు" అన్నాడు. తుప్పుపట్టని ఉక్కు కడ్డీ వెతికి, అరగంటలో నునుపుగా తీసి చేతిలో పెట్టాడు. "గింత పుల్ల తోని పడవల ఏమైతది సాబ్?" అని అడిగాడు. ముక్కు దిగుతుంది, లేస్తుంది అని చెప్పాను. "బస్, గిదేనా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మరునాడు అదే మాట ఇంకొకరి నోట వినాల్సి వస్తుందని తెలియదు.

దిగే హడావుడిలో నా పానాల సంచి రైల్లోనే మరిచిపోయినట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై ఏడేళ్ళు వాడిన పానాలు అవి. అవి బల్లార్షా వైపు వెళ్ళిపోయాయి. ఖాజా భాయ్ రెండు పాత పానాలు ఇచ్చి, డబ్బు తీసుకోలేదు.

గోదావరి ఒడ్డు

లక్షెట్టిపేట దాటి ఆటో దిగేసరికి సాయంత్రం నాలుగు. దిగువన బ్యారేజీ కట్టినప్పటినుంచి అక్కడ గోదావరి నిలిచి చెరువులా ఉంటుంది. మునిగిన పొలాల్లోని తాటి మొదళ్ళు నీళ్ళలోంచి నల్లగా పొడుచుకొచ్చి ఉంటాయి. ఒడ్డున కట్టేసిన పడవను ముందు చూశాను, తర్వాత రాజలింగును. జుట్టంతా తెల్లబడింది. "వచ్చినవా" అన్నాడు. "వచ్చిన" అన్నాను. పద్దెనిమిదేళ్ళకు అంతే.

వాళ్ళ వాకిట్లో సత్తవ్వ కర్ర పట్టుకుని లేచింది. ఎడమకాలు నేలమీద పూర్తిగా ఆనడం లేదు. ఒక్కో అడుగుకు నడుం పక్కకు వంగుతోంది.

"ఏమైంది చెల్లే?"

"పడ్డ అన్నా, పడవల." నీళ్ళ చెంబు నా చేతికిస్తూ మామూలుగా చెప్పింది. "ముక్కు లేస్తుందని గీయన నన్ను ముందట పలక మీద కూసోవెట్టేటోడు. నేను కూసుంటే జర దిగేది. ఒకదినం బాగ ఎగిరిపడ్డది. నేను పైకి లేసి పలక మీదనే పడ్డ. తుంటి బొక్క ఇరిగింది. కరీంనగర్ దవాఖానల ఆపరేషన్ చేసిండ్రు. పదిహేను రోజులున్నం."

"కరీంనగర్‌లోనా? నాకు చెప్పలేదేం?"

ఆమె భర్త వైపు చూసింది. రాజలింగు నేలకేసి చూస్తూ అన్నాడు, "చెప్తె వస్తవో రావో అని."

ఎప్పుడు పడిందని అడిగాను. అతను నాకు ఫోన్ చేసిన నెలకు. ఏ దవాఖాన అని మాత్రం అడగలేదు.

రవ్వ చేప పులుసు, జొన్నరొట్టె పెట్టారు. మేము పులుసులో చింతపండు ముందుంచుతాం. అక్కడ వేయించిన నువ్వుల పొడి వేసి చిక్కగా చేస్తారు, పులుపు వెనక నుంచి తగులుతుంది. ఇంకో సమయంలో అయితే ఎలా చేస్తారో అడిగి రాసుకునేవాణ్ణి. తినేటప్పుడు, మాట మార్చడానికి, మస్కట్‌లో ఎలాంటి పడవలు నడిపావని అడిగాను.

"పడవలా?" రాజలింగు రొట్టె తుంచడం ఆపాడు. "పడవ ముట్టనే లే ప్రకాశం. పడవ పని అని తీస్కపోయి కూరగాయల మార్కెట్ల ఏసిండ్రు. పదహారేండ్లు గంపలు మోసిన. ఎవ్వరికి చెప్పలే. నీకైతే అసలే చెప్పొద్దనుకున్న. నువ్వు నవ్వుతవని."

పదహారేళ్ళు నేను అసూయపడ్డది ఆ గంపల మీదన్నమాట. నేను నవ్వలేదు. చేతిలోని రొట్టె ముక్క తిరిగి పళ్ళెంలో పెట్టాను.

పిన్ను

పొద్దున ఏడింటికి ఇద్దరం నీళ్ళ మీదికి వెళ్ళాం. రాజలింగు హ్యాండిల్ పట్టాడు, నేను నడుమ కూర్చున్నాను. నెమ్మదిగా ఉన్నంతసేపు బాగానే ఉంది. వేగం పెంచగానే ముక్కు లేచి, ఎదుటి ఒడ్డు కనబడకుండా పోయింది. కాసేపటికి ఎగరడం మొదలైంది. ఒక్కో ఎగురుకు పలక కిందినుంచి వెన్నుపూసలోకి దెబ్బ తగులుతోంది. నేను కూర్చున్నది నడుమ. సత్తవ్వను కూర్చోబెట్టింది ముక్కు చివర.

ఒడ్డుకు తెచ్చి, ఇంజను ఆపి పైకి లేపి చూశాను. అనుకున్నట్టే పిన్ను బయటి రంధ్రంలో ఉంది, తుప్పుపట్టి కదలడం లేదు. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ రెండూ వెనకే ఉన్నాయి. పాత పిన్నును కొట్టి తీసి, కొత్తది రెండు రంధ్రాలు లోపలికి పెట్టాను. ట్యాంకు నడుమ బల్ల కిందికి జరిపాం, బ్యాటరీ ఇంకా ముందుకు.

రెండు రంధ్రాలు ఎక్కువైంది. ఈసారి వేగం పెంచగానే ముక్కు నీళ్ళను దున్నడం మొదలుపెట్టింది. హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకు లాగింది. నీళ్ళు లేచి ఇద్దరి మీదా పడ్డాయి. రాజలింగు జేబులోని ఫోను తడిసి, ఆ పూటంతా బియ్యం డబ్బాలో ఉంది. అతను తడిసిన ముఖంతో నా వైపు చూసి నవ్వాడు. డ్యాం మీద పనిచేసే రోజుల్లో అలాగే నవ్వేవాడు.

మళ్ళీ ఒడ్డుకొచ్చి పిన్ను ఒక్క రంధ్రం బయటికి తెచ్చాను. మూడోసారి వేగం పెంచినప్పుడు ముక్కు కొంచెం లేచి, వెంటనే దిగి, అలాగే నిలిచింది. పడవ నీళ్ళ మీద సమంగా సాగిపోయింది. ముందున్న ప్రతి తాటి మొదలూ కనబడింది. వెనక నురుగు గీత గీసినట్టుంది. మొత్తం పని అరగంట కూడా పట్టలేదు.

మేం ఒడ్డు చేరేసరికి సత్తవ్వ కర్రతో నీళ్ళ దాకా వచ్చి నిలబడి ఉంది. తనూ ఎక్కుతానంది. ఇద్దరం చెరో చేయీ పట్టి నడుమ బల్ల మీద కూర్చోబెట్టాం. నది మధ్యకు వెళ్ళి రాజలింగు పూర్తి వేగం ఇచ్చాడు. ఆమె బల్ల అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఒక చేయి వదిలింది. తర్వాత రెండోదీ వదిలి, ఒళ్ళో పెట్టుకుంది. దూరంగా గూడెం గుట్ట కనబడేదాకా పోయి తిరిగొచ్చాం.

ఇంజను ఆగాక ఆమె పిన్ను వైపు చూసింది. "గింతేనా అన్నా?"

"అంతే చెల్లే."

"గిది ఫోన్ల చెప్పేది కాదా?"

రాజలింగు తాడు కడుతున్నాడు. అతనికి వినబడలేదు. నేను ఆమె ముఖం చూడకుండా, "పడవను చూడందే తెలువది" అన్నాను.

ఆమె నమ్మింది. మధ్యాహ్నం నా కోసం సర్వపిండి చేసింది, నువ్వులు దిట్టంగా వేసి. నేను రెండు తిన్నాను.

వాకిట్లో

మూడో రోజు పొద్దున పడవను కడెం తీసుకుపోవడానికి డీసీఎం వ్యాను వస్తుందన్నారు. రాజలింగు ఒడ్డుకు వెళ్ళాడు. సత్తవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయ తుంచుతోంది. నేను ఎదుట కూర్చున్నాను. రాత్రి ప్రార్థన చేసుకోబోతే మాటలు రాలేదు. అందుకే ముందు ఇక్కడ చెప్పాలనుకున్నాను.

"చెల్లే, నిన్న అబద్ధం చెప్పాను. రాజలింగు ఫోన్ చేసిన రోజే నాకు తెలుసు. పిన్ను మార్చమని అప్పుడే చెప్పొచ్చుండె. కోపంతో చెప్పలేదు."

ఆమె చేతులు ఆగాయి. "ఏం కోపం?"

"మస్కట్ కోపం."

సగం తుంచిన కాయను చేటలో వేసింది. తర్వాత నెమ్మదిగా అంది, "ఏడాది సంది గీయన్ననే తిడుతున్న. నన్ను ముందట కూసోవెట్టి బొక్కలిరగ్గొట్టినవని. గీయన ఒక్కనాడు ఎదురు మాట్లాడలే. దండం బెట్టుకుంట తిరిగిండు. ఒక్కపూట మంచిగ మాట్లాడలే నేను." చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. "నువ్వు చెప్పకుంటే సచ్చేదాక గట్లనే తిడుతుంటి."

"తప్పు నాది" అన్నాను.

"నీదే." కర్ర అందుకుని లేచి లోపలికి వెళ్ళింది. నేను బయల్దేరేటప్పుడు బయటికి రాలేదు.

జన్నారం మీదుగా కడెం

పడవ వ్యానులో వెనక, మేమిద్దరం డ్రైవరు పక్కన. జన్నారం దగ్గర దారికి రెండు పక్కలా టేకు అడవి. ఆకులు మన ఇళ్ళలో విస్తళ్ళంత వెడల్పు. చెక్‌పోస్టు దగ్గర ఆగితే ఒక గోండు ఆవిడ ఉడికించిన మక్కకంకులు అమ్ముతోంది. ఒకటి ఇరవై అంది. రెండు తీసుకుంటే మూడోది కొసరుగా వేసింది. మా ఊళ్ళో కొసరు మాట ఎత్తితే కంకి లాక్కుంటారు.

దారి మధ్యలో డ్రైవరు ఫోను మోగింది. రాజలింగు ఫోను ఇంకా ఆరలేదు కాబట్టి సత్తవ్వ డ్రైవరుకు చేసింది. రాజలింగు విన్నాడు. "ఆఁ, ఆఁ" అన్నాడు. చివర "నువ్వు తిన్నవా?" అని అడిగి పెట్టేశాడు. కిటికీ వైపు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కడెం దాకా అలాగే అడవి చూస్తూ కూర్చున్నాడు.

పడవ కొనే విఠల్ భైంసాలో పత్తి వ్యాపారి. కడెం ప్రాజెక్టు నీళ్ళలో చేపల కాంట్రాక్టు కొత్తగా పట్టాడు. సగం మరాఠీ, సగం తెలుగు. పడవ నీళ్ళలో దింపి నడిపించగానే, "వా భావూ, పీట మీద కూసున్నట్టున్నది" అన్నాడు. అతని మనిషికి పిన్ను సంగతంతా చెప్పాను. ఇద్దరున్నప్పుడు ఈ రంధ్రం చాలు, వలలు, చేపలు నింపితే మళ్ళీ చూసుకోవాలని, ముందు కనబడనంతగా ముక్కు లేస్తే ఆపేయాలని, మనిషిని మాత్రం ఎప్పుడూ బరువుగా ముందు కూర్చోబెట్టొద్దని. చివరి మాట మూడుసార్లు చెప్పినట్టున్నాను. అతను వింతగా చూశాడు.

బస్టాండులో రాజలింగు నా పక్కన నిలబడ్డాడు.

"సత్తి చెప్పింది" అన్నాడు.

"ఊఁ."

"ఏడాది తర్వాత నాతోని మంచిగ మాట్లాడింది ఇయ్యాల." కండువా భుజం మీదికి సర్దుకుని అన్నాడు, "నేను గూడ మళ్ళొక్కపారి అడగకపోతి. అడిగితే ఏం పోయేది? నిన్ను ఇడిసిపెట్టి పోయిన గదా, ఏ మొఖం పెట్టుకొని అడగాలె అని ఊకున్న."

నా బస్సు వచ్చింది. చేయి కలిపాడు కాని, మళ్ళీ రమ్మనలేదు.

ఇంటికి

నాలుగో రోజు, జగిత్యాల మీదుగా ఇల్లు చేరాను. సుగుణకు అంతా చెప్పాను. ఆమె చాలాసేపు విని, "ఎప్పుడు పిలుస్తున్నవ్ వాళ్ళను?" అని ఒక్కటే అడిగింది. నేను రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మూడోసారి సత్తవ్వ ఎత్తింది.

"వచ్చే నెల డాక్టర్‌కు చూపెట్టుకునేది ఉన్నది. మీ ఇంట్ల దిగుతం. నేను మెట్లెక్క. కింద అర్ర సూడు" అంది. బాగున్నావా అనలేదు.

మొన్న వచ్చారు. బస్సు మెట్లు దిగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. వెనక జనం ఆగి నిలబడ్డారు. నేను చేయి చాపాను, పట్టుకోలేదు. కమ్మీ పట్టుకునే దిగింది. ఆటోలో నేను డ్రైవరు పక్కన కూర్చుని దారి చెబుతుంటే, వెనక నుంచి ఆమె, "గిదే మేమున్న దవాఖాన" అని రాజలింగుకు చూపించింది. ఆటో ఆ గోడ వెంట మలుపు తిరిగి, మా సందులోకి వచ్చి, మా గేటు ముందు ఆగింది.

సుగుణ ఎదురొచ్చి ఆమెను లోపలికి తీసుకుపోతోంది. సత్తవ్వ పెరటి గుమ్మం దగ్గర ఆగింది. మా ప్రహరీ మీదుగా దవాఖాన వెనక గోడ, కిటికీల వరసలు కనబడతాయి. ఆమె వేలితో లెక్కపెట్టి మూడో అంతస్తు దగ్గర ఆపింది. తర్వాత మా పెరట్లోని బట్టల తీగ వైపు, సుగుణ వైపు చూసింది.

"గా కిటికీ దగ్గరనే నా మంచం ఉండె వదినా" అంది. "పొద్దుగాల ఒకామె బట్టలారేసేది. ఎవరో ఏమో అనుకుంట, నిన్నే చూసుకుంట పండేదాన్ని."